చివరి కుళాయి దగ్గర మొదలుపెట్టండి
(పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

హెల్త్ అసిస్టెంటుగా చేరి, శానిటరీ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని నేను. ముప్పై మూడేళ్లు మున్సిపాలిటీల్లోనే గడిచాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సంగతి గురించి ఉన్నాయి. మంచినీళ్లు, చెత్త, చెట్లు, కాలువల మీద కౌన్సిళ్లు సమీక్షలు పెడుతున్నాయి, అందులో మాలాంటివాళ్లం ఏం చేయగలం అని అడిగారు. రాసినవాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు వేయడం లేదు. కొందరు వద్దన్నారు, మిగతావాళ్లకూ అదే మంచిదనిపించింది.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. మా మున్సిపల్ కౌన్సిల్ వచ్చే నెల అన్ని సేవల మీదా ప్రత్యేక సమీక్ష పెడుతోందట. మా వార్డు కౌన్సిలర్ ఇంటికొచ్చి, "మాస్టారూ, మీ వీధి సమస్యలు రాసివ్వండి, సభలో పెడతాను" అన్నాడు. ఇరవై ఏళ్లలో ఇలాంటి కాగితాలు చాలా ఇచ్చాను. ఈసారైనా పని జరగాలంటే ఎలా రాయాలి?

జవాబు: తప్పకుండా రాయండి మాస్టారూ. కానీ "మా వీధికి మంచినీళ్లు సరిగా రావడం లేదు" అని మాత్రం రాయకండి. ఆ మాట సభలో చదవగానే ఇంజనీరు గారు లేచి, "ట్యాంకు రోజూ నిండుతోంది, గంటసేపు వదులుతున్నాం" అంటారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ట్యాంకు దగ్గర అది నిజమే. మీ వీధి చివర ఏం జరుగుతోందో అక్కడ నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ సంగతి నాకు తెలిసిన రోజు ఇంకా కళ్లముందే ఉంది. 1990ల చివర్లో నేను పనిచేసిన ఒక పట్టణంలో కాలవగట్టు పక్క వీధిలో విరేచనాలు మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో పదకొండు మంది పడ్డారు. తెల్లవారుజామున ఐదున్నరకు క్లోరోస్కోప్ పెట్టె సైకిలుకు కట్టుకుని బయల్దేరాను. గాజుగొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే, నీళ్లలో క్లోరిన్ ఉంటే పసుపురంగు తేలుతుంది. ట్యాంకు కింద పట్టిన నీళ్లు నిమ్మరసం రంగుకు వచ్చాయి. బజారు మధ్యలో కుళాయి దగ్గర ఆ పసుపు పల్చబడింది. కాలవగట్టు వీధిలో ఆఖరి కుళాయి దగ్గర గొట్టాన్ని ఆకాశానికి ఎత్తి ఎంతసేపు చూసినా రంగు లేదు. నా పక్కన ఒకావిడ ఇత్తడి బిందె పట్టుకుని నిలబడి, "బాగున్నాయా బాబూ?" అని అడిగింది. ఆవిడ కూతురు అప్పటికి రెండు రోజులుగా ఆసుపత్రిలో ఉంది.

ఆ వీధిలో ధార సన్నం. అందుకని జనం గొయ్యి తవ్వి, కుళాయిని గోతిలోకి దించుకున్నారు. పక్కనే మురుగుకాలవ. నీళ్లు వదిలే గంట తప్ప మిగతా ఇరవైమూడు గంటలూ పైపు ఖాళీ. ఖాళీ పైపుకు చిల్లు ఉంటే చుట్టూ ఉన్న తడిని లోపలికి లాక్కుంటుంది. దానికితోడు ఎగువ ఇళ్లవాళ్లు పైపుకే మోటారు బిగించి పీలిస్తే కింద వీధిలో మురుగు లోపలికి రావడానికి ఇంకేం కావాలి? తర్వాత పంపుహౌస్‌కు వెళ్లి బ్లీచింగ్ బస్తా చూశాను. కిటికీ పక్కన మూతి తెరిచి పెట్టారు. వాన జల్లుకు గడ్డకట్టింది, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఘాటు లేదు. మంచి బ్లీచింగ్ పౌడరులో 30 శాతం దాకా క్లోరిన్ ఉండాలి. తేమ తగిలితే అది రోజురోజుకీ పోతుంది, పేరుకు మిగిలేది సున్నమే. అంతకుముందు మూడు నెలలూ నేను ట్యాంకు దగ్గర పరీక్ష చేసి రిజిస్టర్లో "సంతృప్తికరం" అని సంతకం పెట్టాను. ఆ పేజీలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

అందుకే మీ కాగితం ఇలా ఉండాలంటాను: "ఫలానా వీధిలో ఆఖరి ఇల్లు ఇది. ఫలానా వారం రోజుల్లో నీళ్లు వచ్చిన టైము ఇది, ఆగిన టైము ఇది. ఇరవై లీటర్ల బిందె నిండడానికి ఇన్ని నిమిషాలు పట్టింది. మొదటి ఐదు నిమిషాలు నీళ్లు ఈ రంగులో వచ్చాయి. ఈ కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష ఎప్పుడు చేశారు? ఫలితం ఎంత?" కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రమాణం. మనిషికి రోజుకు 135 లీటర్లు అనే లెక్క పట్టణ నీటి పథకాల కాగితాల్లో ఎప్పటినుంచో ఉంది. మీ బిందె లెక్కను ఆ లెక్క పక్కన పెట్టండి. ఏడు రోజుల టైములు ఉన్న కాగితాన్ని "పరిశీలిస్తాం" అని పక్కన పెట్టడం అంత తేలిక కాదు.

ఇంకొకటి. సభలో మాట్లాడుకోవడం వేరు, తీర్మానం చేయడం వేరు. సంగతి ఎజెండాలో చేరిందా, తీర్మానం నంబరు ఎంత, ఎంత డబ్బు కేటాయించారు అన్న మూడూ కౌన్సిలర్‌ని అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. పాఠం చెప్పినంత ఓపికగా రాస్తారు కాబట్టి ఈ పని మీరే బాగా చేయగలరు.

ప్రశ్న: రెండేళ్లుగా తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇస్తున్నాను. బండి ఎక్కాక వాళ్లు రెండూ కలిపేస్తున్నారు. కళ్లారా చూశాను. మా అత్తగారు "నీకెందుకీ ఛాదస్తం" అంటున్నారు. మానేయమంటారా?
(ఒక గృహిణి)

జవాబు: మానేయకమ్మా. మీ కోపం న్యాయమైనదే, కానీ మీరు మానేస్తే రేపు సమీక్షలో "జనం వేరుచేసి ఇవ్వడం లేదు" అనే మాట నిజమైపోతుంది.

2016లో వచ్చిన ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ప్రమాదకరమైన ఇంటి చెత్త అని మూడుగా వేరుచేయమన్నాయి. 2026 ఏప్రిల్ నుంచి వాటి స్థానంలో వచ్చిన కొత్త నియమాలు నాలుగుగా వేరుచేయమంటున్నాయి. ఇంట్లో వేరుచేయడం మన పని, వేరుగానే చెత్త యార్డుకు చేర్చడం మున్సిపాలిటీ పని. బండిలో మధ్య అడ్డుపలక ఉందా లేదా అన్నది మొదటి ప్రశ్న. చాలాచోట్ల పలక ఉంటుంది, కానీ తడివైపు భాగం సగం వీధులకే నిండిపోతుంది. అప్పుడు కార్మికుడు ఏం చేస్తాడు? ఉన్నచోట వేస్తాడు. తప్పు అతనిది కాదు, ట్రిప్పుల లెక్కది. కాబట్టి మీ వార్డులో ఇళ్లెన్ని, బండ్లెన్ని, రోజుకు ఎన్ని ట్రిప్పులు అని అడిగించండి.

కలిసిపోయిన చెత్త యార్డులో ఏమవుతుందో చెబుతాను. మంచి తడిచెత్తను కుప్పపోసి, వారం తిరిగేసరికి గడ్డపలుగు లోపలికి గుచ్చి, రెండు నిమిషాలాగి బయటికి తీసి పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. లోపల 60 డిగ్రీల దాకా వేడి ఉంటుంది. ఆ వేడికే ఈగ గుడ్లు, కలుపు విత్తనాలు చస్తాయి. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందున చెమ్మ తేలాలి, నీళ్లు కారకూడదు. వారానికోసారి తిరగేస్తూ ఉంటే నలభై అయిదు రోజుల చుట్టూ మట్టివాసన వస్తుంది. అదే కుప్పలో కవర్లు, గాజుపెంకులు కలిస్తే గాలి ఆడదు, వేడెక్కదు, కుళ్లి కంపు కొడుతుంది. జల్లెడ పట్టినా గాజుముక్కలు పోవు. ఒకసారి ఒక రైతు మా యార్డు ఎరువు ట్రాక్టరు లోడు తీసుకెళ్లి, మర్నాడు అరచేతికి గుడ్డ కట్టుకుని వచ్చాడు. ఆ చుట్టుపక్కల ఇంకో రైతు మళ్లీ మా ఎరువు అడగలేదు.

మన దగ్గర ఇది చేసి చూపించిన ఊళ్లు ఉన్నాయమ్మా. 2000 దశకం మొదట్లోనే సూర్యాపేట చెత్తకుండీలు లేని పట్టణంగా పేరు తెచ్చుకుంది. వానపాముల ఎరువుతో బొబ్బిలికి పేరొచ్చింది. రెండూ పెద్ద నగరాలు కావు. కాబట్టి డబ్బు లేక ఆగిపోయింది అనే మాటను అంత త్వరగా ఒప్పుకోకండి. ఈలోగా మీ తడిచెత్తకు పెరట్లో రెండు కుండీలు పెట్టుకోగలిగితే మరీ మంచిది. అత్తగారిని కరివేపాకు మొక్కకు ఆ ఎరువు వేసి చూడమనండి.

ప్రశ్న: చెత్త పన్ను తీసేశారు కదా. మరి చెత్త ఎత్తడానికి డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?
(ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక దుకాణదారు)

జవాబు: 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమం మొదలైంది, దానితోపాటే ఇంటింటి వసూలు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి దాన్ని రద్దు చేస్తున్నామని ప్రకటించారు. ఇప్పుడు భారం ఆస్తిపన్ను మీద, ప్రభుత్వాలిచ్చే గ్రాంట్ల మీద పడుతుంది. ఆస్తిపన్ను కూడా 2021 నుంచి అద్దె విలువ పద్ధతి నుంచి ఆస్తి విలువ పద్ధతికి మారింది. మీరు కట్టే పన్నులో పారిశుద్ధ్యానికి ఎంత ఖర్చవుతుందో బడ్జెట్ పుస్తకంలో ఉంటుంది. సమీక్షకు ముందు ఆ ఒక్క పేజీ జిరాక్స్ తెచ్చుకోండి.

ప్రశ్న: మా ఊరు పట్టణం బయట ఉంది. పట్టణం చెత్తంతా మా ఊరి పొలిమేరలో పోస్తారు. ఎండాకాలం వస్తే కుప్ప రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది. రాత్రిళ్లు కిటికీలు మూసుకుని పడుకుంటాం. పసిపిల్లలకు దగ్గు తగ్గదు. వాళ్ల సమీక్షలో మా మాటకు చోటుందా? మేము వాళ్ల ఓటర్లం కాదు.

జవాబు: ఈ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. పట్టణం శుభ్రంగా ఉందని అవార్డు తీసుకునే రోజున కూడా ఆ చెత్త ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది మీ గుమ్మం దగ్గరుంది. సమీక్షలో మొదట కూర్చోబెట్టాల్సింది మిమ్మల్నే అని నేను గట్టిగా నమ్ముతాను.

కుప్ప ఎందుకు తగలబడుతుందో ముందు తెలుసుకోండి. తడిచెత్త గాలి ఆడకుండా అడుగున కుళ్లితే మీథేన్ వాయువు పుడుతుంది. ఎండకు పైన ప్లాస్టిక్ ఎండిపోయి ఉంటుంది. నిప్పురవ్వ ఒకటి పడితే చాలు. పైన నీళ్లు కొడితే మంట ఆరినట్టు కనిపిస్తుంది కానీ లోపల రాజుకుంటూనే ఉంటుంది. 2023 మార్చిలో కొచ్చిలోని బ్రహ్మపురం యార్డు ఇలాగే రోజుల తరబడి కాలి, నగరమంతా పొగ కమ్మేసింది.

ఇక మీ చేతిలో ఉన్నది. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో దేశమంతటా నిషేధించింది. మామూలుగా తగలబెడితే 5,000, పెద్దఎత్తున తగలబెడితే 25,000 రూపాయల పరిహారం కట్టాలని చెప్పింది. పొగ వచ్చిన ప్రతిరోజూ తేదీ, టైము కనిపించేలా ఫొటో తీయండి. మీ పంచాయతీ తరఫున తీర్మానం చేసి, దాని కాపీలు మున్సిపల్ కమిషనరుకు, జిల్లా కలెక్టరుకు, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. విడివిడిగా పది మంది రాసే అర్జీ కన్నా ఒక పంచాయతీ తీర్మానానికి బరువు ఎక్కువ.

అందులో ఒకే ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: రోజుకు ఎన్ని టన్నులు వస్తున్నాయి, అందులో ఎన్ని టన్నులు శుద్ధి అవుతున్నాయి? చెత్త బండ్లను తూచే వేబ్రిడ్జి రిజిస్టరులో ఇది ఉండాలి. ఉండకపోతే అదే మీకు దొరికిన జవాబు. పాత కుప్పను బయోమైనింగ్ చేస్తామని చాలాచోట్ల చెబుతున్నారు. అంటే పెద్ద జల్లెడలో వేసి మట్టిని, ప్లాస్టిక్‌ను, రాళ్లను వేరుచేయడం. ప్లాస్టిక్ సిమెంటు ఫ్యాక్టరీలకు పోతుంది. మంచి పనే. కానీ రోజూ కొత్త చెత్త అక్కడే పోస్తుంటే పాత కుప్పను తవ్వి ఏం లాభం? కుప్ప తరిగే వేగం, పెరిగే వేగం రెండూ పక్కపక్కన చూపించమనండి. విశాఖపట్నం, గుంటూరుల దగ్గర చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టారు, హైదరాబాదులో జవహర్‌నగర్ దగ్గరా ఉంది. ప్లాంటు రాగానే పక్క ఊళ్ల బాధ తీరిపోతుందని మాత్రం మీకు ఆశ పెట్టలేను. తడిచెత్త కలిస్తే అక్కడ కూడా మంట సరిగా మండదు.

ప్రశ్న: మా కాలనీలో వానాకాలం వస్తే మొక్కలు నాటి ఫొటోలు దిగుతారు. ఎండాకాలానికి కర్రలు, ట్రీగార్డులు మిగులుతాయి. ఏమైనా రూలు ఉందా?
(తెలంగాణ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఉంది బాబూ, మంచి రూలే ఉంది. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో బడ్జెట్లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని రాశారు. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత వార్డు సభ్యుడిది కూడా. అదే చట్టం కింద ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో పదిహేను మంది ఉండాలి. మీ వార్డు యువజన కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. ఖాళీ ఉంటే మీరే చేరండి. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం మీ కాలనీ మొక్కలన్నీ లెక్కపెట్టి, ఒక్కోదానికి నంబరు రాసి, బతికినవి, చచ్చినవి పట్టిక చేసి ఇవ్వండి. మొక్కలు ఎండేది మార్చి, ఏప్రిల్, మే నెలల్లో. ఆ మూడు నెలల నీళ్ల ట్యాంకరు ఖర్చు బడ్జెట్లో ఉందో లేదో చూడండి.

ప్రశ్న: మా ఇంటి పక్క ఫంక్షన్ హాలు. పెళ్లి అయిన మర్నాడు ప్లాస్టిక్ గ్లాసులు, ఆకులు కాలవ నిండా. కౌన్సిల్ ఏం చేయగలదు?

జవాబు: రోజుకు వంద కిలోలకు మించి చెత్త వచ్చే చోట్లను పెద్ద ఉత్పత్తిదారులంటారు. ఆ చెత్తను వేరుచేసే బాధ్యత వాళ్లదే. లైసెన్సు రెన్యువల్ కౌన్సిల్ అధికారుల చేతిలోనే ఉంటుంది కాబట్టి సమీక్షలో దాన్ని అడగొచ్చు. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్ల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది.

జరిమానా కన్నా బాగా పనిచేసిన ఉపాయం సిద్దిపేటలో ఉంది. అక్కడ స్టీల్ బ్యాంకులు పెట్టారు. శుభకార్యానికి స్టీలు కంచాలు, గ్లాసులు తీసుకెళ్లి, అయ్యాక తిరిగి ఇచ్చేస్తారు. మీ వార్డులో మహిళా సంఘం ఉంటే ఇది వాళ్లకు సరిపోయే పని. తోమేవాళ్లకు కూలి ఎంతో ముందే తేల్చండి. ఆ మాట తేలకపోతే నాలుగో పెళ్లికే బ్యాంకు మూతపడుతుంది.

ప్రశ్న: మా అమ్మ కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు. తెల్లవారకముందే మస్టరుకు వెళుతుంది. గ్లౌజులు ఇస్తారు కానీ వారంలో చిరిగిపోతాయి. గాజు గుచ్చుకుని రెండుసార్లు కుట్లు పడ్డాయి. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. కౌన్సిల్ సమీక్ష అంటే వార్డుల గురించి, రోడ్ల గురించి మాట్లాడతారు. మా అమ్మ గురించి ఎవరైనా అడుగుతారా సార్?

జవాబు: తల్లీ, నేను మీ అమ్మగారిలాంటి వందలమందితో పనిచేశాను. ఎన్నో సమీక్షల్లో వెనక వరసలో కూర్చున్నాను. కార్మికుల సంఖ్య గురించి మాట్లాడేవాళ్లు, వాళ్ల చేతుల గురించి మాట్లాడింది తక్కువ. అందుకే నీ ఉత్తరాన్ని ఆఖరున పెట్టుకున్నాను, నిదానంగా రాయాలని.

ముందు డబ్బు సంగతి. అమ్మ జీతంలోంచి పీఎఫ్, ఈఎస్ఐ కోస్తున్నారేమో జీతం స్లిప్పు చూడు. స్లిప్పు ఇవ్వకపోతే అడిగే హక్కు ఆవిడకుంది. యూఏఎన్ (పీఎఫ్ ఖాతా) నంబరు తీసుకుని ఫోన్లో ఖాతా తెరిచి, కోసిన డబ్బు నిజంగా జమవుతోందా చూడు. ఈ పని నువ్వు చేయగలవు, అమ్మ చేయలేకపోవచ్చు. ఈఎస్ఐ కార్డు చేతికి వచ్చిందా అన్నది కూడా చూడు. పనిలో గాయమైతే దాని అవసరం అప్పుడు తెలుస్తుంది. కుట్లు పడ్డప్పుడు ధనుర్వాతం ఇంజెక్షన్ వేశారా? కాగితం ఉంటే దాచు.

మ్యాన్‌హోల్లోకి గానీ, సెప్టిక్ ట్యాంకులోకి గానీ దిగమని ఎవరు చెప్పినా దిగవద్దని మీ అమ్మగారికి, ఆవిడతో పనిచేసేవాళ్లందరికీ చెప్పు. మనుషుల చేత మలం ఎత్తించే పనిని ఆపడానికి వచ్చిన 2013 చట్టం దాన్ని నిషేధించింది. దిగి ప్రాణం పోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందు 2014 తీర్పులో అది 10 లక్షలు. డబ్బు మనిషిని తేదు, కానీ ఆ అంకె చెబితే పని చెప్పేవాడు ఒకసారి ఆగుతాడు.

ఇక గ్లౌజులు. టెండరులో "గ్లౌజులు" అని మాత్రమే రాస్తే అన్నింటికన్నా చవకవి వస్తాయి. గిన్నెలు తోముకునే పల్చని రబ్బరువి గాజుకు ఆగవు. మందం ఎంత, అరచేతి వైపు పూత ఉండాలా, ఎన్నాళ్లకోసారి కొత్త జత ఇవ్వాలి అని టెండరులో రాయించాలి. మా రోజుల్లో మేస్త్రీ చిరిగిన జత చూసి కొత్తది ఇచ్చే ఏర్పాటు ఒక ఊళ్లో పెట్టాం. ఇది కౌన్సిల్ ఒక తీర్మానంతో చేయగలిగిన పని, పెద్ద ఖర్చు కాదు.

ఇది చదివే ఇళ్లవాళ్లకూ ఒక మాట. పగిలిన గాజును పాత న్యూస్‌పేపర్లో చుట్టి, పైన "గాజు" అని రాసి విడిగా ఇవ్వండి. శానిటరీ ప్యాడ్లు, సూదులు కూడా చుట్టి, విడిగానే.

తల్లీ, సభకు ముందురోజు మీ అమ్మగారి పాత గ్లౌజులు ఒక జత కవర్లో పెట్టి మీ కౌన్సిలర్ చేతికి ఇవ్వు. ఆ జత ఏ తేదీన ఇచ్చారో, ఏ తేదీకి చిరిగిందో కవరు మీద రాయి. వేళ్ల చివరి చిరుగులు ఆయన చూడాలి.